‘బ్లాక్యులా’ నల్లజాతివారికి దక్కిన గౌరవమా, రంగు మార్చి అమ్మిన సరుకా?

పాతరీలు:
1972లో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ విడుదల చేసిన రక్తపిశాచి చిత్రం ‘బ్లాక్యులా’ను నల్లజాతి ప్రాతినిధ్యానికి మైలురాయిగా పొగడటం నాకు మింగుడుపడటం లేదు. నగరాల్లోని నల్లజాతి ప్రేక్షకుల టికెట్ డబ్బుల కోసం ఆ రోజుల్లో వరసగా తీసిన చిత్రాల్లో ఇదొకటి. డ్రాక్యులాకు రంగు పూసి అమ్మారన్న సంగతి పేరులోనే ఉంది.

వెన్నెలకోట:
పాతరీలు గారూ, పేరు మీద మీ అభ్యంతరం సబబే. కానీ ఆ పేరు ఎవరు ఎవరికి పెట్టారో మొదటి ఘట్టంలోనే ఉంది. 1780లో ఆఫ్రికా రాకుమారుడు మామువాల్డే, బానిసల వ్యాపారాన్ని ఆపించేందుకు సాయం కోరుతూ భార్య లూవాతో కలిసి ట్రాన్సిల్వేనియాలోని డ్రాక్యులా కోటకు వస్తాడు. ఆ ప్రభువు బానిసత్వాన్ని వెనకేసుకొచ్చి, అతిథి భార్యను సంతలో సరుకును చూసినట్టు చూస్తాడు. ఎదురు తిరిగిన మామువాల్డేను కరిచి, తన పేరునే వంకర తిప్పి ‘బ్లాక్యులా’ అని శపించి, శవపేటికలో బంధిస్తాడు. ఓడల్లో తెచ్చిన మనుషుల సొంత పేర్లు చెరిపేసి యజమానుల పేర్లు తగిలించిన చరిత్రను ఇంట్లో విని పెరిగినవారికి ఆ ఘట్టం ఎక్కడ తగిలి ఉంటుందో ఆలోచించండి.

ఇది ఊరికే రాలేదు. తొలి రచనలో ఆ పాత్ర పేరు ఆండ్రూ బ్రౌన్; నల్లవారిని గేలిచేసిన ఒక పాత రేడియో హాస్య ధారావాహికలోని పాత్ర పేరూ అదే. రంగస్థలంపై షేక్‌స్పియర్ నాటకంలోని ఒథెల్లోగా పేరు తెచ్చుకున్న విలియం మార్షల్, ఈ పాత్ర వేసిన నటుడు, పట్టుబట్టి దాన్ని తీయించి, రాకుమారుడి కథను చేర్పించాడు. చివరికి ఆ రాకుమారుడు తనను వేటాడినవారి చేతుల్లో చావడు. ప్రేమించిన మనిషి పోయాక, మెట్లెక్కి తనంతట తానే, రక్తపిశాచిని చంపే ఎండలోకి నడుస్తాడు. నన్ను ఇప్పటికీ కదిలించేది ఆ నడకే.

మూడోవరస:
బాబీ, బిల్లీల గురించి మీరిద్దరూ ఒక్క మాట అనలేదు. ఆ శవపేటికను కొని లాస్ ఏంజెలెస్‌కు తెచ్చిన గృహాలంకరణ నిపుణులు వాళ్లు, ఒకరు నల్లవారు, ఒకరు తెల్లవారు, స్వలింగ జంట. అప్పటిదాకా వాళ్లను నవ్వు పుట్టించడానికే వాడుకున్నారు, పేటిక తెరుచుకోగానే మొదట చంపింది వాళ్లనే, ఆ తర్వాత వాళ్ల ప్రస్తావనలో తిట్టు మాట కూడా వినిపిస్తుంది. మార్షల్ తన పాత్రకు సాధించుకున్న మర్యాద వాళ్ల దాకా రాలేదు.

పాతరీలు:
వెన్నెలకోట గారు చెప్పాక మొదటి ఘట్టాన్ని మళ్లీ చూశాను. మార్షల్ విషయంలో ఇక ఎదురు చెప్పను. అయితే 1973లో ఏం జరిగిందో కూడా చూడాలి. అలాంటి రక్తపిశాచి చిత్రమే మరొకటి కావాలని నిర్మాతలు దర్శకుడు బిల్ గన్‌కు పెట్టుబడి ఇస్తే, ఆయన నటుడు డ్యూయేన్ జోన్స్‌తో ‘గాంజా అండ్ హెస్’ తీశాడు. భయపెట్టడం కన్నా వ్యసనం, విశ్వాసం, చదువుకున్న నల్లవారి ఒంటరితనం గురించి మాట్లాడిన ఆ చిత్రాన్ని ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ‘విమర్శకుల వారం’ విభాగంలో ప్రదర్శించారు. నిర్మాతలు మాత్రం దాన్ని మరో సంస్థకు అమ్మేస్తే, ఆ సంస్థ దాన్ని కోసి వేరే పేరుతో విడుదల చేసింది. బజారు గురించి నా వాదనకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బాబీ, బిల్లీల సంగతికి మాత్రం, వెన్నెలకోట గారూ, మీరింకా జవాబివ్వలేదు.