తప్పులెన్నువారా, తప్పులెంచువారా?

న్యూజెర్సీ నుంచి: మా తెలుగు బడిలో పిల్లలకు అమెరికా అధ్యక్ష పదవికి జరిగే ప్రైమరీల గురించి చెప్పవలసి వచ్చింది. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందుగా ఆ పార్టీ ఓటర్లు తేల్చేది ‘ఎంపిక’ అని, నవంబరులో అందరూ ఓటు వేసేది ‘ఎన్నిక’ అని విడదీసి చెప్పాను. ‘రెండింటిలోనూ వేసేది ఓటే కదా, పేర్లు రెండెందుకు?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. ‘ఎన్నిక’లో ‘ఎన్ను’, ‘ఎంపిక’లో ‘ఎంచు’ వినిపించి అప్పటినుంచి వేమన పాదమొకటి వేధిస్తోంది. అది ‘తప్పులెన్నువారు తండోపతండంబు’ అనా, ‘తప్పులెంచువారు’ అనా?

తెనాలి నుంచి: నేను నేర్చినది ‘ఎన్నువారు’ అనే. అయితే రెండో గణం ‘లెన్ను’ అయినా ‘లెంచు’ అయినా హగణమే అవుతుంది, యతి ‘త’కూ ‘తం’కూ చెల్లుతుంది కనుక ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. నా మటుకు ‘ఎన్ను’ అంటే లెక్కించడం. ఓట్లు లెక్కపెట్టి తేల్చేదంతా, ప్రైమరీతో సహా, ఎన్నికే.

వరంగల్ నుంచి: ‘ఎంచు’కు మాత్రం లెక్కించడమనే అర్థం లేదా? ‘ఎంచబోతే మంచమంతా కంతలే’ అన్న సామెతలో లెక్కతో పాటు లోపాలు వెతకడం కూడా ఉంది. సొంత పార్టీవారే ఒకరి లోపాలొకరు నెలల తరబడి బయటపెట్టుకునే ప్రైమరీకి ఇంతకంటే తగిన క్రియ దొరకదు. పోతే, ‘ఆ పార్టీ ఓటర్లు’ అన్న మాట అన్నిచోట్లా చెల్లదు. న్యూహాంప్‌షైర్‌లో ఏ పార్టీలోనూ నమోదు కానివారు సైతం ఏదో ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేయవచ్చు.

అయోవా నుంచి: మా రాష్ట్రంలో 2020 దాకా డెమొక్రాట్ల కాకస్‌లో, అంటే ప్రైమరీకి బదులు జరిగే స్థానిక సమావేశంలో, చీటీ వేసి వెళ్ళిపోవడం కాదు, అభ్యర్థికొక మూల చొప్పున గదిలో నిలబడితే తలలు లెక్కపెట్టేవారు, చాలా చోట్ల 15 శాతం చేరని గుంపు చెదిరి మరో మూలకు పోవలసివచ్చేది. దీన్నే మా పిల్లలతో ఫలహారాల మీద ఆడించాను. ఇరవై మందిలో ముగ్గురైనా లేని మూల నిలవదని ముందే చెప్పాను. పులిహోర మూలన ఇద్దరే మిగిలారు. ఒకరు గారెల మూలకు నడిచారు, రెండోవారు ఎవరు బతిమాలినా కదలక కింద కూర్చున్నారు. అందరూ తలలు ఎన్నారు, ఆ పిల్ల మాత్రం ఎంచింది అంటాను.

తెనాలి నుంచి: చమత్కారం బాగుంది కానీ చరిత్ర నా పక్షాన ఉంది. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే షికాగో మహాసభలో డెమొక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. అది నాయకులు చేసిన ఎంపిక. దానిపై రేగిన రభస తరువాత నియమాలు మారి, 1972 నుంచి మహాసభకు వెళ్ళే ప్రతినిధులలో ఎక్కువమందిని ఓటర్లే తేల్చసాగారు. కనుక ఎంపిక ఎన్నికగా మారిందని పిల్లవాడికి చెప్పండి.

వరంగల్ నుంచి: ఓటర్లు తేల్చినా అభ్యర్థిని లాంఛనంగా ప్రకటించేది మహాసభలోని ప్రతినిధులే, కాబట్టి ‘ఎంపిక’ ఇంకా బతికే ఉంది. ఇక పద్యం సంగతి: మూడో పాదంలోనూ ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అని అదే మాట తిరిగి వస్తుంది. నోటినుంచి నోటికి పాకిన పద్యంలో ఒకచోట మారితే రెండోచోటా మారి ఉంటుంది. ఇంత తేలికైన మాటలతో ఇంత చురుక్కుమనిపించిన వేమనకు ఏ అక్షరమైనా సరిపోయేదేమో.

న్యూజెర్సీ నుంచి: బ్రౌను 1829లో అచ్చువేయించిన వేమన పద్యాలు ఎవరివద్దనైనా ఉంటే, ఈ పద్యం అందులో ఉందో లేదో, ఉంటే ఏ పాఠంతో ఉందో చూసి చెప్పగలరా?