పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ గోల్ఫ్: అదితి అశోక్ దారిలో మన అమ్మాయిలను పంపవచ్చా?

గోల్కొండవాసి:
ఇంటర్ చదివే వయసులో ఒక అమ్మాయి గోల్ఫ్‌నే వృత్తిగా ఎంచుకుంటానంటే ఇంట్లో ఏమనాలి? ఇక్కడ పిల్లలను ఆడిస్తున్న తల్లిదండ్రుల మధ్య ఈ మాట ఎంతకీ తెగడం లేదు. అందుకే చర్చకు పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: సత్తా ఉన్నప్పుడు ఆగకూడదు.

అదితి అశోక్‌ను చూడండి. 1998లో బెంగళూరులో పుట్టింది. అయిదేళ్ల వయసులో అమ్మానాన్నలతో టిఫిన్‌కు వెళ్లినప్పుడు అక్కడి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కంటపడింది. గోల్ఫ్ ఆడేవారే లేని కుటుంబం, ముగ్గురూ కలిసి నేర్చుకోవడం మొదలుపెట్టారు. 2011లో పదమూడేళ్లకే, అమెచ్యూర్‌గా (ఆటను వృత్తిగా తీసుకోని క్రీడాకారిణిగా) ఉంటూనే, దేశవాళీ ప్రొఫెషనల్ టోర్నీ గెలిచింది. 2015లో బ్రిటిష్ అమెచ్యూర్ స్ట్రోక్ ప్లే టైటిల్. 2016 జనవరి 1న ప్రొఫెషనల్ అయింది. ఆ ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో ఆడింది. మహిళల గోల్ఫ్ బరిలో అందరికన్నా చిన్నది తనే. నవంబరులో గురుగ్రామ్‌లో ఇండియన్ ఓపెన్ గెలిచి, లేడీస్ యూరోపియన్ టూర్ (యూరప్ మహిళా ప్రొఫెషనల్ టోర్నీల వరుస) టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. రెండు వారాలకే ఖతార్‌లో మరో టైటిల్. ఏడాది చివర ఆ టూర్‌లో ఉత్తమ కొత్త క్రీడాకారిణి పురస్కారం కూడా తనకే. డిగ్రీలో చేరి కూర్చుని ఉంటే ఇవన్నీ జరిగేవా?

విశాఖతీరం:
గోల్కొండవాసి గారూ, రియో కథ సగమే చెప్పారు. గోల్ఫ్‌లో బంతిని కొట్టే దెబ్బలు, అంటే స్ట్రోకులు, ఎంత తక్కువైతే అంత మేలు. మొదటి రెండు రోజులూ అదితి 68, 68 కొట్టి ముందువరుసలో నిలిచింది. మూడో రోజు 79, నాలుగో రోజు 76. చివరికి 41వ స్థానం. ఆ మూడో రోజు 2016 ఆగస్టు 19. మన తెలుగువాళ్లమంతా ఆ సాయంత్రం సింధు ఫైనల్ చూస్తూ ఉన్నాం కాబట్టి ఇది ఎవరికీ గుర్తులేదు. ఆమె ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. నాలుగు రోజులు ఒకే స్థాయిలో ఆడటానికి కావలసిన బలం పద్దెనిమిదేళ్లకు అందరికీ రాదు అంటున్నాను.

అదే రియోలో ఐర్లాండ్ అమ్మాయి లియోనా మగ్వైర్ అమెచ్యూర్‌గానే ఆడి అదితికన్నా పైస్థానంలో నిలిచింది. అప్పుడామె అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థిని. ఒలింపిక్స్ ఆడటానికి ప్రొఫెషనల్ కానక్కరలేదన్నమాట. 2018లో డిగ్రీ చేతికొచ్చాకే వృత్తిలోకి దిగింది, 2022లో ఎల్‌పీజీఏ (అమెరికా మహిళా ప్రొఫెషనల్ టూర్) టైటిల్ గెలిచింది. అమెరికా అమ్మాయి రోజ్ జాంగ్ మాటేమిటి? స్టాన్‌ఫర్డ్ జట్టుకు ఆడి, అక్కడ విజయాల మీద విజయాలు సాధించి, 2023లో ప్రొఫెషనల్‌గా ఆడిన మొట్టమొదటి ఎల్‌పీజీఏ టోర్నీనే గెలిచింది. 1951 తర్వాత అలా గెలిచినవారే లేరు. కళాశాలలో గడిపిన కాలం వృథా అనేవారు దీనికి జవాబు చెప్పాలి.

తొందరపడితే ఏమవుతుందో అమెరికా గోల్ఫర్ మిషెల్ వీ కథ చెబుతుంది. 2005లో పదహారో పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు ప్రొఫెషనల్ అయింది. నైకీ, సోనీ ఒప్పందాలు, ఎక్కడ చూసినా ఆమె ఫోటోలు. 2007లో మణికట్టు గాయాలు మొదలయ్యాయి. తొలి ఎల్‌పీజీఏ టైటిల్ 2009 దాకా రాలేదు.

తొలిబర్డీ:
వీ ఉదాహరణ ఇక్కడికి సరిపోదండీ. చిన్న వయసులోనే ఆమెను పురుషుల టోర్నీల్లో కూడా ఆడించారు, ప్రతి రౌండుకూ ప్రపంచమంతా తీర్పు చెప్పింది. అదితి మీద అటువంటి వెలుగు ఎప్పుడూ పడలేదు. పైగా వీ 2014లో యూఎస్ మహిళల ఓపెన్ గెలిచిందని కూడా చెప్పాలి కదా.

పదహారేళ్లకు ప్రొఫెషనల్ అయిన న్యూజీలాండ్ అమ్మాయి లిడియా కోను వదిలేశారేం? పదిహేడేళ్లకే ప్రపంచ నంబర్ వన్. మూడు ఒలింపిక్స్‌లో రజతం, కాంస్యం, స్వర్ణం. 2018 నుంచి 2021 వరకు మూడేళ్లు ఒక్క టైటిలూ లేకుండా గడిపి, మళ్లీ లేచింది.

నెట్టింటిఅమ్మ:
మీరంతా వయసు గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయి పదహారేళ్లది, ఆడుతోంది. మా ఇంట్లో ప్రశ్న వయసు కాదు, ఖర్చు. ఆ తర్వాత తోడు.

ప్రొఫెషనల్ అంటే జీతం వచ్చే ఉద్యోగం అనుకుంటారు బంధువులు. టోర్నీకి విమానం టికెట్టు, హోటలు, క్యాడీ (బ్యాగు మోస్తూ తోడుండే మనిషి) వారపు డబ్బులు అన్నీ ముందు మన చేతి నుంచే పెట్టాలి. రెండు రోజుల తర్వాత కట్ పడుతుంది, దాదాపు సగం మంది అక్కడితో ఇంటికి వెళ్లాలి. వాళ్లకు సాధారణంగా ఒక్క రూపాయీ రాదు. వరుసగా నాలుగు వారాలు కట్ తప్పితే ఆ అప్పు ఎవరిది? రియోలో అదితి బ్యాగు మోసింది తండ్రి, టోక్యోలో తల్లి. మన దేశపు మరో గోల్ఫర్ దీక్షా డాగర్‌కూ తండ్రే క్యాడీ. వీటిని అందరూ ముద్దుగా చెప్పుకుంటారు. నాకు కనిపించేది మాత్రం, ఆ అమ్మాయి వెంట దేశాలు తిరగడానికి ఇంట్లో ఒకరు తమ పనులన్నీ పక్కన పెట్టవలసి వచ్చిందన్నది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తే తప్ప గడవని ఇంట్లో అది కుదరదు.

బ్యాడ్మింటన్‌లో సింధుకు గోపీచంద్ అకాడమీ ఉంది. అక్కడ కోచ్, సాటి ఆటగాళ్లు, ఫిజియో అందరూ ఒకేచోట దొరుకుతారు. గోల్ఫ్‌లో మన రెండు రాష్ట్రాల్లో ఏముంది? గోల్కొండ కోట దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టే కోర్సులు. వాటి గేటు దాటడమే సామాన్యులకు ఒక పరీక్ష. అందుకే అమెరికా కళాశాలలు ఆటగాళ్లకిచ్చే స్కాలర్‌షిప్ మాట వింటే నా ప్రాణం లేచి వస్తుంది. కోచింగ్, జిమ్, ప్రయాణాలు జట్టే చూసుకుంటుంది, చదువు కూడా అవుతుంది.

గోల్కొండవాసి:
అమ్మా, మీరు చెప్పిన ఖర్చు సంగతి అక్షరాలా నిజం. కానీ ఆ స్కాలర్‌షిప్ దాకా చేరాలన్నా ముందు అంతర్జాతీయ జూనియర్ టోర్నీలు ఆడి పేరు తెచ్చుకోవాలి, దానికీ డబ్బే కావాలి. అంటే కళాశాల దారి పేదవాళ్లకు, ప్రొఫెషనల్ దారి డబ్బున్నవాళ్లకు అన్న విభజన నిలబడదు.

దీక్షను మీరే తలచుకున్నారు కాబట్టి చెబుతాను. వినికిడి లోపంతో పుట్టి, ఎడమచేతి వాటంతో ఆడే అమ్మాయి. 2019లో ప్రొఫెషనల్ అయిన కొన్ని వారాలకే దక్షిణాఫ్రికా ఓపెన్ గెలిచింది, వయసు పద్దెనిమిది. అదితిని, దీక్షను ఆగమని ఉంటే మనకే నష్టం.

విశాఖతీరం:
గెలిచినవాళ్ల పేర్లే మనకు తెలుస్తాయి గోల్కొండవాసి గారూ. పదిహేడేళ్లకు ప్రొఫెషనల్ అయి, ఇరవై ఒకటికి ఆట మానేసి, అటు డిగ్రీ కూడా లేని అమ్మాయిల పేర్లు ఏ పత్రికలోనూ రావు. నా భయం వాళ్ల గురించి.

అదితి విషయంలోనూ ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆమె బంతిని దూరం కొట్టేవారిలో లేదు. 2017లో ఎల్‌పీజీఏలో చేరాక తొలి ఏడేళ్లలో అక్కడ ఒక్క టైటిలూ రాలేదు, 2023లో లాస్ ఏంజెలెస్‌లో ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవారి మధ్య అదనపు పోటీ) దాకా వచ్చి చేజారింది. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడో రోజు 61 కొట్టి ఏడు స్ట్రోకుల ఆధిక్యంలో నిలిచిన అమ్మాయి, చివరి రోజు 77తో స్వర్ణం పోగొట్టుకుంది. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా ఒంట్లో బలం పెంచుకోవలసిన కాలమంతా విమానాల్లో, హోటళ్లలో గడిచిపోయిందేమో అనిపిస్తుంది నాకు.

తొలిబర్డీ:
ఆ ఆసియా క్రీడల రజతం భారత మహిళా గోల్ఫ్‌కు వ్యక్తిగత విభాగంలో తొలి పతకం అని కూడా చెప్పండి. ఇక దూరం సంగతా, టోక్యోలో ఏం జరిగింది? అంతకు కొన్ని నెలల ముందు కొవిడ్ సోకి ఉన్న బలమూ తగ్గింది. ప్రపంచ ర్యాంకు 200. ఆ స్థితిలో 67, 66, 68, 68. తనకన్నా ఎంతో దూరం కొట్టేవాళ్ల పక్కన నిలబడి, గ్రీన్ (రంధ్రం ఉండే నున్నని పచ్చిక) చుట్టూ ఆటతో, బంతిని రంధ్రంలోకి దొర్లించే పటింగ్‌తో వాళ్లను పట్టుకుంది. ఒక్క స్ట్రోకు తేడాతో పతకం తప్పి నాలుగో స్థానం. నరాలు తెగే ఆ నాలుగు రోజులకు కావలసిన నిబ్బరం అయిదేళ్లు టూర్‌లో నలిగినందువల్లే వచ్చిందని నేను నమ్ముతాను. ఏ జిమ్ములోనూ అది దొరకదు.

నెట్టింటిఅమ్మ:
మీ ఇద్దరి మాటలూ విన్నాక నన్ను వేధిస్తున్నది ఒక్కటే. ప్రొఫెషనల్ అయ్యాక కుదరకపోతే వెనక్కి రావచ్చా?

విశాఖతీరం:
అమెచ్యూర్ హోదా తిరిగి ఇవ్వమని దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ కొంతకాలం ఆగాలి. అమెరికా కళాశాల జట్టులో మాత్రం ఇక చోటు ఉండదు. మిషెల్ వీ స్టాన్‌ఫర్డ్‌లో చదివి 2012లో పట్టా తీసుకుంది, కానీ ఆ జట్టుకు ఒక్క రౌండు కూడా ఆడలేకపోయింది. నా పట్టుదల దీని గురించే. ఇప్పుడు ఆగితే పోయేది కూడా తక్కువ: 2022 నుంచి నిబంధనలు సడలించారు, అమెచ్యూర్‌గా ఉంటూనే తన పేరు, ఫోటో మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు.

గోల్కొండవాసి:
ఇక్కడ ఒక సంగతి మనందరం దాటిపోయాం. అదితి ముందు ప్రొఫెషనల్ అయి తర్వాత టూర్ వెతుక్కోలేదు. 2015 డిసెంబరులో మొరాకోలో లల్లా ఐచా టూర్ స్కూల్‌కు (టూర్‌లో ఆడే అర్హత కోసం జరిగే పోటీ) అమెచ్యూర్‌గానే వెళ్లింది, మొదటి స్థానంలో నిలిచింది, యూరోపియన్ టూర్ కార్డు, అంటే అక్కడ ఆడే అర్హత, చేతికి వచ్చాక జనవరి 1న హోదా మార్చుకుంది. ఏడాది పొడవునా ఆడటానికి టోర్నీలు ఖాయమైన తర్వాతే దిగింది.

కాబట్టి మీ అమ్మాయి విషయంలో నేను అడిగేది ఇంతే అమ్మా: పన్నెండో తరగతి ఏడాదిలో అమెచ్యూర్‌గానే అలాంటి క్వాలిఫయింగ్ స్కూల్ ఆడించండి. కార్డు వస్తే దిగనివ్వండి. రాకపోతే కళాశాల దారి మూసుకుపోదు, ఆ ఒక్క ప్రయాణం ఖర్చే పోతుంది.

విశాఖతీరం:
దానికి నేనూ ఒప్పుకుంటాను. కార్డు వచ్చినా మొదటి ఏడాది ఖర్చంతా చేతిలో ఉంటేనే అని ఒక షరతు మాత్రం పెడతాను.