ఆఫీసులో పేపర్ కప్పులు, 18లో ఏసీ: ఎలా మార్చాలి?

ప్రశ్న:
మాదాపూర్‌లో 60 మంది ఉన్న ఆఫీసు మాది. రోజుకు మూడు టీలు, ప్రతిసారీ కొత్త పేపర్ కప్పు. సాయంత్రానికి నల్ల కవరు నిండిపోతే ప్యాంట్రీ అక్క మెట్ల మీదుగా ఈడ్చుకెళ్తుంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఏసీ ఎప్పుడూ 18లోనే. మే నెలలో కూడా నేను స్వెటర్ వేసుకుంటున్నా, మెడ పట్టేస్తోంది. హెచ్‌ఆర్‌ని అడిగితే "చూద్దాం" అన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు ఏసీ. స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలకు 2020 జనవరి నుంచి డిఫాల్ట్ 24 డిగ్రీలే. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని వెళ్లండి, వింటారు.

జవాబు 2:
పేపర్ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుందండీ, మామూలు కాగితంలా రీసైకిల్ కాదు. మేం స్టీలు గ్లాసులు తెచ్చుకుని అడుగున పేర్లు చెక్కించాం. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలి. ఆ పని అక్క నెత్తిన వేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అక్క సంగతి నాకు తట్టనే లేదు, థాంక్సండీ. సోమవారం నా గ్లాసు తెచ్చుకుంటున్నా.