కాలేజీ లైబ్రరీ లెక్చరర్లకి ఏమేం చేస్తుంది? కొత్తగా చేరాను, దారి చెప్పండి

ప్రశ్న: ఎకనామిక్స్ లెక్చరర్, చెన్నై

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. జూన్‌లో చెన్నైలో ఒక ప్రైవేటు ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. ఇదే మొదటి ఉద్యోగం. లైబ్రరీ విషయంలో మూడు చోట్ల ఆగిపోయాను.

సెకండియర్‌లో 64 మంది పిల్లలు. సిలబస్‌లో ఇచ్చిన టెక్స్ట్‌బుక్ లైబ్రరీలో ఉన్నది నాలుగు కాపీలు. నాలుగూ బయటే ఉన్నాయి. ఇంటి దగ్గర జర్నల్ వ్యాసం ఏదైనా తెరిస్తే ముప్పై, నలభై డాలర్లు కట్టమంటోంది. ఇక నా పీహెచ్‌డీలోంచి ఒక పేపర్ రాశాను, సిమిలారిటీ, అంటే వేరే రాతలతో మాటలు కలిసిన శాతం, 31 వచ్చింది. అది చూసిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్.

కౌంటర్‌లో అడిగితే స్టాఫ్‌కి ఎనిమిది పుస్తకాలు ఇస్తామన్నారు, అంతే. నాకు తమిళం ఇంకా సరిగ్గా రాదు, ఎక్కువ అడగలేకపోయాను. లైబ్రరీ మాకు ఇంతకు మించి ఏమైనా చేస్తుందా?

జవాబు: కాలేజీ లైబ్రేరియన్, చెన్నై

అమ్మా, మాది గూడూరు. చెన్నై కాలేజీల్లో ఇరవై రెండేళ్లుగా లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. చాలా చేస్తుంది. కాకపోతే కౌంటర్‌లో ఉండేవాళ్ల పని ఇష్యూ, రిటర్న్. మీరు కలవాల్సింది లోపల గదిలో ఉండే లైబ్రేరియన్‌ని. చేతిలో సిలబస్ కాపీ పట్టుకుని వెళ్లండి. తమిళం గురించి బెంగ పెట్టుకోకండి, ఇంగ్లీషులో అడిగినా చెప్తారు. లెక్చరర్లు సెమిస్టర్ చివర నో డ్యూస్ సంతకానికి వస్తారు కానీ మొదట్లో రారు. ఆ మొదటి వారంలో వస్తే మేం చేయగలిగింది ఎంతో ఉంటుంది. ఇది నేను ఏళ్ల తరబడి పడుతున్న బాధ, అందుకే మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది.

ముందు టెక్స్ట్‌బుక్ సంగతి. నాలుగు కాపీల్లో రెండింటిని రిజర్వ్‌లో పెట్టమని ఒక కాగితం రాసి ఇవ్వండి. బయట ఉన్న కాపీ తిరిగి రాగానే దాన్ని షెల్ఫ్‌కి పంపరు, కౌంటర్ వెనక విడిగా పెడతారు. పిల్లలు అక్కడే కూర్చుని గంటా రెండు గంటలు చదువుకుని ఇచ్చేయాలి, ఇంటికి ఇవ్వరు. కాగితంలో పుస్తకం పేరు మాత్రమే రాస్తే సరిపోదు. ఏ యూనిట్‌కి ఏ అధ్యాయం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు అన్నది రాయండి. మా దగ్గర ఒక కామర్స్ మేడమ్ అలాగే రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని అట్ట లోపల అంటించాం. పరీక్షల ముందు వారం చూస్తే పుస్తకం మొత్తంలో ఆ ముప్పై పేజీల అంచులే నల్లబడి ఉన్నాయి. అంతకు ముందు ఆ పుస్తకం డ్యూ డేట్ స్లిప్ మీద చివరి ముద్ర 2014ది.

జిరాక్స్ గురించి కూడా అడుగుతారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకోవడానికి మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ సెక్షన్ మీదే తీర్పు ఇచ్చింది. పాఠానికి అవసరమైనంత మేరకు అధ్యాయాలు కాపీ తీయించుకోవచ్చు. పుస్తకం మొత్తం తీయించి, బైండ్ చేయించి క్లాసంతా పంచే పని మాత్రం పెట్టుకోకండి.

కొత్త కాపీలకి ఇండెంట్, అంటే పుస్తకాలు కొనమని అడిగే కాగితం, ఇప్పుడే పెట్టండి. రచయిత, పబ్లిషర్, ఎడిషన్, ఐఎస్‌బీఎన్ నంబరు, ఎన్ని కాపీలు కావాలో స్పష్టంగా రాయాలి. ఎడిషన్ రాయకపోతే పాతది వచ్చి కూర్చుంటుంది. హెచ్‌ఓడీ సంతకం, లైబ్రరీ కమిటీ, కొటేషన్లు, బిల్లు, యాక్సెషన్ నంబరు (లైబ్రరీ రిజిస్టర్‌లో పుస్తకానికి వేసే వరస నంబరు), ఇన్ని మెట్లు దాటి పుస్తకం షెల్ఫ్‌కి చేరేసరికి మా దగ్గర రెండు నెలలు పడుతుంది. అంటే ఈ సెమిస్టర్ ఇండెంట్ వచ్చే సెమిస్టర్‌కి పనికొస్తుందనుకోండి.

ఇక జర్నల్స్. మీది ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ కాబట్టి ముందు అడగాల్సిన మాట ఎన్-లిస్ట్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) కేంద్రం నడిపే పథకం. ఏడాదికోసారి కాలేజీ సభ్యత్వం కడితే వేల జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు చదువుకోవచ్చు. లాగిన్ మనిషికి విడివిడిగా ఇస్తారు, ఇంటి నుంచి కూడా పనిచేస్తుంది. అయితే అది దానంతట అది రాదు. కాలేజీ తరఫున మీ పేరు, మెయిల్ చేరిస్తేనే లాగిన్ వస్తుంది. సభ్యత్వం ఈ ఏడాది రెన్యూ అయిందా, నా పేరు లిస్టులో ఉందా, ఈ రెండూ అడగండి.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పేరు మీరు వినే ఉంటారు, దేశం మొత్తానికి కేంద్రమే జర్నళ్ల చందా కట్టే పథకం. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు. కానీ మొదలుపెట్టింది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆధ్వర్యంలో నడిచే 6,300 పైచిలుకు సంస్థలతో. ప్రైవేటు కాలేజీలకు మొదటి దశలో చోటు దక్కలేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది చదివేది ఈ కాలేజీల్లోనే. అలాగని గవర్నమెంట్ కాలేజీలో పనిచేసే ఫ్రెండ్ పాస్‌వర్డ్ మాత్రం అడగకండి. ఒకే లాగిన్ నుంచి గుట్టలుగా డౌన్‌లోడ్లు కనిపిస్తే పబ్లిషర్ ఆ సంస్థ మొత్తానికి యాక్సెస్ ఆపేస్తాడు. మీ ఫ్రెండ్‌కి చిక్కు.

మీ సబ్జెక్టుకి ఒక సౌకర్యం ఉంది. ఎకనామిక్స్‌లో వర్కింగ్ పేపర్లు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి, రెపెక్ (RePEc) అనే వెబ్‌సైట్‌లో వెతకండి. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది. అప్పటికీ దొరకని వ్యాసానికి రచయితకే మర్యాదగా ఒక మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు. పుస్తకమే కావాలంటే మీ కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉందేమో కనుక్కోండి, వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పిస్తారు. ఆదివారం తీరిక ఉంటే కొట్టూరుపురంలో అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లి చూడండి, 2010లో తెరిచారు. పాత భారతీయ పుస్తకాలైతే ఎగ్మోర్‌లో కన్నెమరా. 1896 నాటిది, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి.

సిమిలారిటీ గురించి: 31 అన్న అంకె ఒక్కదాన్నే చూసి భయపడకండి. పూర్తి రిపోర్టు ప్రింట్ తీసుకుని లైబ్రేరియన్ పక్కన కూర్చుని ఏ రంగు ఎక్కడిదో చూడండి. చూసి ఇక్కడ రాయండి, తర్వాత చెప్తాను.

జవాబు: ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్, బెంగళూరు

సార్ చెప్పింది అంతా సరే. ఇది చదివే ఇంజనీరింగ్ వాళ్లకి ఒక్క మాట: ఎన్-లిస్ట్ మనకి వర్తించదు. బెంగళూరులో వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) అనుబంధ కాలేజీలకు యూనివర్సిటీ కన్సార్టియం, అంటే కాలేజీలన్నీ కలిసి జర్నళ్లు తెప్పించుకునే ఏర్పాటు, ద్వారా జర్నళ్లు వస్తాయి. క్యాంపస్ బయట నుంచి చదవడానికి విడిగా రిమోట్ లాగిన్ ఉంటుంది, లైబ్రరీలో అడిగి తీసుకోండి.

మేడమ్, ఇంకొకటి. మీ క్లాసులో ఒక గంట లైబ్రేరియన్‌కి ఇవ్వండి. మా డిపార్ట్‌మెంట్‌లో రెండేళ్ల క్రితం మొదలుపెట్టాం. పిల్లల్ని ఓపాక్ (లైబ్రరీ కంప్యూటర్ క్యాటలాగ్) ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో ఒక పుస్తకం వెతికించి, అది ఏ షెల్ఫ్‌లో ఉందో చెప్పే కాల్ నంబరు రాయించి, షెల్ఫ్ దాకా వెళ్లి తెమ్మన్నారు. ఫైనలియర్‌కి వచ్చిన కుర్రాడొకడు మొదటిసారి తనంతట తాను పుస్తకం పట్టుకొచ్చి చూపించాడు. ఆ తర్వాత ప్రాజెక్టు రిపోర్టుల్లో రిఫరెన్సులు బాగుపడ్డాయి.

ప్రశ్న అడిగిన లెక్చరర్

సార్, చాలా థ్యాంక్స్. ఇవాళ వెళ్లాను. మీరన్నట్టే ఎన్-లిస్ట్ రెన్యూ అయింది గానీ స్టాఫ్ లిస్టు నేను చేరకముందే పంపారట. ఫారం నింపించుకున్నారు. రిజర్వ్‌కి కాగితం కూడా ఇచ్చాను. లైబ్రేరియన్ మేడమ్ ఎంతో ఓపిగ్గా రిపోర్టు చూశారు. రిఫరెన్సుల లిస్టే 9 శాతం, కోట్ చేసిన నిర్వచనాలు 4, శోధ్‌గంగలో ఉన్న నా థీసిస్‌తోనే కలిసింది 11. మిగిలిన 7 శాతం లిటరేచర్ రివ్యూలో రెండు పేరాలు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: కాలేజీ లైబ్రేరియన్, చెన్నై

చూశారా, అసలు చిక్కు ఆ రెండు పేరాలే. కాపీ రాతల మీద యూజీసీ తెచ్చిన 2018 నిబంధనల్లో రిఫరెన్సులు, మూలం చెప్పి కోట్ చేసిన భాగం లెక్కలోకి రావు. మామూలుగా అందరూ వాడే మాటలు వరసగా 14 పదాల వరకు కలిసినా పట్టించుకోరు. అవి తీసేశాక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటితే శిక్షలో మొదటి స్థాయి, 40 దాటితే రెండోది, 60 దాటితే మూడోది.

మీ థీసిస్ మీదే అయినా, ఈ పేపర్ దాని ఆధారంగా రాశానని మొదటి పేజీలో చెప్పి, థీసిస్‌ని రిఫరెన్సుల్లో చేర్చండి. జర్నల్ ఎడిటర్‌కి పంపే లేఖలో కూడా రాయండి. కొన్ని జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్నిటికి ఆ భాగం తిరగరాయాలి. ఆ రెండు పేరాలకు మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడకండి. మూల వ్యాసం మూసేసి, మీకు అర్థమైంది ఒక తెల్లకాగితం మీద రాసి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకోండి. మళ్లీ చెక్ చేయించేటప్పుడు ఫైలు రిపాజిటరీలో, అంటే ఆ సాఫ్ట్‌వేర్ పోల్చి చూసే ఫైళ్ల నిల్వలో, దాచవద్దని చెప్పండి. దాస్తే రేపు జర్నల్ వాళ్లు చూసినప్పుడు మీ పేపర్ మీ పేపర్‌తోనే కలిసి నూటికి నూరు చూపిస్తుంది. ఇది మర్చిపోయి మా దగ్గర ఒక సార్ నెల రోజులు నలిగిపోయారు.

పంపే ముందు జర్నల్ పేరు కూడా లైబ్రేరియన్‌కి చూపించండి. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చే యూజీసీ-కేర్ లిస్టుని ఆపేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. అయినా కేర్ జర్నల్‌లో వారంలో వేయిస్తామని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. డబ్బు కట్టకండి. ఐఎస్‌ఎస్‌ఎన్ అనే జర్నల్ గుర్తింపు నంబరు సరైనదేనా, వెబ్‌సైట్ అసలుదా నకిలీదా అన్నది మేం పది నిమిషాల్లో చూసి చెప్పగలం.

ప్రశ్న అడిగిన లెక్చరర్

ఎన్-లిస్ట్ లాగిన్ నిన్న రాత్రి మెయిల్‌లో వచ్చింది సార్. రిజర్వ్ కాపీ ఒకటి తిరిగొచ్చి కౌంటర్ వెనక పెట్టారు. ఇవాళ మధ్యాహ్నం వెళ్తే మా పిల్లలు ముగ్గురు ఒకే కాపీ మధ్యలో పెట్టుకుని రెండో యూనిట్ చదువుతున్నారు. సోమవారం నా గంట లైబ్రేరియన్ మేడమ్‌కి ఇచ్చాను.