ఇథనాల్ ప్లాంట్‌లో పనికి ఏ కోర్సు చేయాలి?

మాది రాజాం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. ఈసారి మా మొక్కజొన్న ఇథనాల్ ఫ్యాక్టరీకి వెళ్లిందట. పిండిని ఎంజైమ్‌లతో చక్కెరగా మార్చి, ఈస్ట్‌తో పులియబెట్టి, బట్టీ పట్టి, మిగిలిన నీరు కూడా లాగేస్తే పెట్రోల్‌లో 20 శాతం దాకా కలిపే సరుకవుతుందని చెబితే, "కల్లు కుండ పొంగినట్టే కదరా" అని నాన్న నవ్వేశారు. నాకు మాత్రం ఆ పనే చేయాలనుంది.

విజయనగరంలో ఒకాయన ట్రైనింగ్, ఉద్యోగం రెండూ ఇప్పిస్తానని 60 వేలు అడిగాడు. రసీదు అడిగితే మాట మార్చేశాడు!

కాన్పూర్ నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో, పుణె వసంతదాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్కహాల్ టెక్నాలజీ కోర్సులున్నాయి కదా. అంత దూరం వెళ్లాలా, ముందు ఏదైనా డిస్టిలరీ ల్యాబ్‌లో అప్రెంటిస్‌గా చేరాలా? ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి: ఫెర్మెంటేషన్ సెక్షన్‌లోకి బీఎస్సీ వాళ్లను తీసుకుంటారా, కెమికల్ ఇంజనీర్లనేనా?