తాగిన పాలన్నీ కక్కేస్తున్నాడు, ఏం చేయాలి?

బాబుకి రెండున్నర నెలలండీ. పాలు తాగిన ప్రతిసారీ కక్కుతాడు, ఒక్కోసారి గంట తర్వాత కూడా విరిగిన పాలలా తెల్లగా ముద్దముద్దగా వస్తుంది, నా భుజం మీద గుడ్డ దిగట్లేదు, రోజుకి నాలుగు జతలు మారుస్తున్నా. కక్కేసి నవ్వుతాడు, భయమంతా నాకే. అసలు కడుపులో ఏమన్నా మిగులుతోందా?

జవాబు: మా పాపా అంతేనండీ. కడుపు పైన మూతలా ఉండే కండరం ఇంకా గట్టిపడదు కాబట్టి పాలు వెనక్కొస్తాయట, నాలుగో నెల దగ్గర బాగా ఎక్కువై, ఏడాది వచ్చేసరికి చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఒలికితే చెంచాడు కూడా చెరువంత కనిపిస్తుంది లెండి. బరువు పెరుగుతున్నాడా లేదా, అది చూడండి.

జవాబు: తాగాక 20-30 నిమిషాలు నిలువుగా ఎత్తుకోండి, మధ్యలో ఆపి తేన్పు తెప్పించండి, ఒకేసారి పొట్టనిండా కాకుండా కొంచెం కొంచెంగా పట్టండి. డైపర్ నడుం దగ్గర బిగించొద్దు. నేనైతే పాలవ్వగానే ఎగరేసి ఆడించేదాన్ని, ఇంకేముంది, మొహం మీదే కక్కేది 😄

జవాబు: కక్కుతున్నాడని బోర్లా పడుకోబెట్టకండి, నిద్రకి వెల్లకిలానే. ఆకుపచ్చగా వచ్చినా, రక్తం కనబడినా, దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకుంటున్నా, తడి డైపర్లు తగ్గినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అవేం లేవండీ, మొన్న టీకాకి వెళ్ళినప్పుడు బరువు కూడా బాగానే ఉందన్నారు. నిలువుగా ఎత్తుకోవడం ఇవాళ్టి నుంచే మొదలెడతా, రాత్రి ఫీడ్ తర్వాత నేనే కూర్చుని నిద్రపోకుండా ఉండాలి, అదీ కష్టం.