పిల్లల ఫోన్‌లో రహస్యంగా నిఘా యాప్ పెట్టడం సబబేనా?

చుక్కాని:
పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల ఫోన్లలో వాళ్లకు తెలియకుండా మెసేజీలు చదివే యాప్ పెట్టాలని కొందరు, పెడితే నమ్మకం పోతుందని కొందరు అంటున్నారు. అసలు ఏది ఎంతవరకు పనిచేస్తుంది?

వేగుచుక్క:
పెట్టాలనే నా మాట. ఆటల చాట్‌లో పరిచయమైనవాడు కాసేపటికి "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా" అంటాడు. ఆ ఒక్క ముక్క పెద్దల కంట పడాలి. ఇంటి వైఫై రౌటర్‌లో పెట్టే ఫిల్టర్‌కి అది దొరకదు. అది నడిచేది డీఎన్ఎస్ మీద, అంటే సైటు పేరుకి అంకెల చిరునామా వెతికిపెట్టే సేవ మీద. ఏ సైటుకి వెళ్లారన్నదే డీఎన్ఎస్‌కి తెలుస్తుంది, లోపలి మాటలు తెలియవు.

మరువం:
వేగుచుక్క గారూ, ఆ ముక్కే అసలైన ప్రమాద సూచన, ఒప్పుకుంటాను. కానీ అలాంటి యాప్‌లు చాలావరకు ముందు ప్లే ప్రొటెక్ట్ (ఆండ్రాయిడ్‌లో హానికర యాప్‌లను పట్టే గూగుల్ రక్షణ) ఆపేయమంటాయి, తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. అది ఇచ్చాక తెర మీది ప్రతి అక్షరమూ ముక్కూమొహం తెలియనివాళ్ల సర్వర్‌కి చేరవచ్చు. అక్కడ చోరీ జరిగితే బయటపడేది మన పిల్లల చాట్లే. పైగా సంగతి తెలిసిన పిల్లలు స్నేహితుల ఫోన్‌లో ఇంకో ఖాతా తెరిస్తే మీకు కనబడేది ఉత్త పాత ఖాతానే.

దాని బదులు ఫిల్టర్ పెట్టండి, అదీ పిల్లలకు చెప్పే పెట్టండి. రౌటర్‌లో క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల డీఎన్ఎస్ 1.1.1.3, రెండోది 1.0.0.3 ఇస్తే పెద్దల సైట్లు ఆగుతాయి. రెండో గడిలో పాతది వదిలేస్తే వడపోత అప్పుడప్పుడూ జారిపోతుంది. మొబైల్ డేటాకి ఇదేదీ వర్తించదు. దానికి ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ విడిగా పెట్టాలి, అక్కడ అంకెలు తీసుకోదు, సర్వర్ పేరే ఇవ్వాలి.

చుక్కాని:
ఫొటో బయటపెడతానని బెదిరింపు అప్పటికే వచ్చేస్తే?

మరువం:
డబ్బు పంపొద్దు, పంపితే మళ్లీ అడుగుతారు. బ్లాక్ చేయకముందే స్క్రీన్‌షాట్లు తీయండి. పైన కనబడే పేరు చాలదు, దాన్ని క్షణంలో మార్చేస్తారు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, సమయం పడాలి. ఖాతా డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. తర్వాత ఆ యాప్‌లోనూ, పోలీసులకూ ఫిర్యాదు చేయండి.

పద్దెనిమిది నిండకముందు తీసిన నగ్న చిత్రాలకు టేక్ ఇట్ డౌన్ అనే ఆన్‌లైన్ సేవ ఉంది. పేరు చెప్పనక్కర్లేదు. ఫొటో ఫోన్ దాటదు, దాని హ్యాష్ (ఆ ఫొటో నుంచి లెక్కగట్టిన, వేలిముద్రలాంటి కోడ్) మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన వేదికలు ఆ హ్యాష్‌తో పోల్చి తీసేస్తాయి. ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే వేదికకు కూడా లోపలిది కనబడని చాట్లలో తిరిగే కాపీలకు మాత్రం ఇది పనికిరాదు.

వేగుచుక్క:
ఇవన్నీ పిల్లలు వచ్చి చెబితేనే కదండీ!

మరువం:
అవును, అందుకే రహస్య నిఘా వద్దంటున్నాను. "ఏం జరిగినా ఫోన్ లాక్కోను" అని ఫోన్ చేతికిచ్చే రోజే మాటివ్వండి. లాక్కుంటారన్న భయంతోనే చాలామంది నోరు మెదపరు, బెదిరించేవాడికి కావలసిందీ అదే.